కొండ దగ్గింది

ఆ వీధిలో ఎవరికి గొంతు గరగరలాడినా కొండనే తిట్టేవాళ్ళు. పొద్దున్నే కళ్ళు మండినా, ఆరేసిన బట్టలు ఘాటుగా వాసనేసినా, ముసలివాళ్ళకి ఆయాసం తన్నుకొచ్చినా ఒకటే మాట: "కొండ దగ్గింది." ఆ మాట అనేసి కిటికీలు మూసుకుంటే అక్కడితో సరి. కొండతో ఎవరు పోట్లాడతారు? దానికి గుమ్మం లేదు, తలుపు లేదు, పిలిచి నిలదీద్దామంటే పలికే నోరు లేదు.

కొండ కూడా తక్కువదేం కాదు, అగ్నిపర్వతం. ఊరికి ఉత్తరాన, బస్సులో ఒక కునుకు తీసేంత దూరంలో ఉంటుంది. దాని నెత్తిన ఎప్పుడూ సన్నగా తెల్లటి పొగ. ఊరికి దక్షిణాన రాగి కార్ఖానా, దానికో పొడుగాటి గొట్టం, ఆ గొట్టం నెత్తినా పొగే. ఈ రెండు పొగల మధ్య ఇరుక్కున్న ఆ వీధిలో, నీలం తలుపుల ఇంటి పెరట్లో, మూడో పొగ ఒకటుంది. దాని యజమానురాలే పొగక్క.

ఆవిడ అసలు పేరు కట్టుకున్నాయనకి కూడా గుర్తు లేదని వీధిలో వేళాకోళం చేసేవాళ్ళు. ఆవిడ పని ఉన్నిని తెల్లబరచడం. కంబళ్ళు, శాలువాలు, ఉన్ని నూలు చుట్టలు, ఏవి తెచ్చినా తొట్టిలో నానేసి, సబ్బు నీళ్ళలో కాళ్ళతో మెత్తగా తొక్కి, పిండి, తడితడిగానే పొగ గదిలో కర్రల మీద వేలాడదీస్తుంది. గది మధ్యలో ఇనప మూకుడు పెట్టి, అందులో పచ్చటి గంధకం ముక్కలేసి, పైన రెండు నిప్పులు వేస్తుంది. గంధకం కరిగి నీలంగా మండుతుంది. ఆ మంట చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, దాని పొగ మాత్రం గొంతులో గోళ్ళతో గీరినట్టుంటుంది. చప్పున బయటికొచ్చి తలుపు మూసి, సందుల్లో తడి గుడ్డలు కుక్కెయ్యాలి. మర్నాడు తలుపు తీస్తే, పసుపు పచ్చగా లోపలికి వెళ్ళిన ఉన్ని పాలలా తెల్లగా వస్తుంది.

ఈ పని ఆవిడకి అత్తగారు నేర్పింది. అత్తగారు ముందు సొంత కూతురికే నేర్పాలని చూసింది. ఆ కూతురు ఆ వాసనకి తట్టుకోలేక ఇంట్లోంచి పరిగెత్తి, పరీక్షలు రాసి, రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే కిటికీ వెనక ఉద్యోగం తెచ్చుకుంది. ఉద్యోగం అయిపోయాక, ఒంటరి మనిషి కదా, తమ్ముడింటికే తిరిగొచ్చింది. ఆవిడే పొగక్కకి వదిన. వీధికి మాత్రం టికెట్ల వదిన.

టికెట్ల కిటికీ అద్దం వెనకనించి జీవితమంతా అరిచి అరిచి టికెట్ల వదినకి మామూలుగా మాట్లాడ్డం చేతకాదు. "కూరలో ఉప్పేదీ?" అని ఆవిడ అడిగితే పక్క వీధివాళ్ళు తమ కూర రుచి చూసుకునేవాళ్ళు. కాఫీ చల్లారిందని, కర్టెను వంకరగా ఉందని, రేడియో సరిగ్గా తిప్పలేదని పొద్దస్తమానం ఏదో ఒకటి సణుగుతూనే ఉండేది. పొగక్క మాటకి మాట అప్పజెప్పేది. ఇద్దరూ ఉప్పూ నిప్పూ అనుకునేవాళ్ళు చూసినవాళ్ళు. కాని ఒకరు ఊరెళ్తే రెండోవాళ్ళకి అన్నం సహించేది కాదు.

పొగక్కకి ఇంకో జబ్బుంది, "ఎందుకు" అనే జబ్బు. తడి ఉన్నే తెల్లబడుతుంది, పొడిది తెల్లబడదు, ఎందుకు? ఒకసారి వదిన జడలోంచి ఎర్ర గులాబీ జారి పొగ గదిలో పడి తెల్లారేసరికి తెల్ల గులాబీ అయింది, ఎందుకు? దాని మీద తొట్టి కడిగే యాసిడ్ ఒక చుక్క పడితే మళ్ళీ ఎర్రబడింది, అదెందుకు? అత్తగారిని అడిగితే, "నీ పని నువ్వు చూసుకోవే, దాని పని అది చూసుకుంటుంది" అనేది.

మోకాళ్ళు పట్టేశాక వదిన ముందు గదిలోంచి వెనక గదికి మారింది. స్నానాల గది అక్కడికి దగ్గర. ఆ తరవాత కొన్నాళ్ళకి ఆయాసం మొదలైంది. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. తెల్లవారుజామున లేచి కూర్చుని, మంచం అంచు పట్టుకుని, గాలిని గుటకలు గుటకలుగా మింగేది. డాక్టరు అంతా విని, "పొగ తగలని చోటుకి వెళ్ళండి. ఇలాగే ఉంటే గుండెకి పాకుతుంది" అన్నాడు.

వదిన ఇంటికొచ్చి అటక మీది ట్రంకు పెట్టె దింపించింది. "వానలు తగ్గగానే చిన్న తమ్ముడి దగ్గరికెళ్తాను. సముద్రపు గాలి మంచిదట" అంది.

పొగక్కకి బెంగ పట్టుకుంది. అది కోపంగా బయటికొచ్చింది. "ఏ పొగో తేలకుండా ఎక్కడికి పోతావు? అక్కడ ఓడల రేవుంది. ఓడలు పొగ వదలవా? అక్కడా ఆయాసం వస్తే ఏ ఊరు పోతావు?"

"ఏ పొగేంటే, కొండ పొగ" అంది వదిన.

"కొండే" అన్నాడు పొగక్క మొగుడు వెంటనే. ఆయన కార్ఖానాలో కొలిమి దగ్గర క్రేను నడుపుతాడు, కార్ఖానాని ఎవరేమన్నా ఆయనకి పౌరుషం పొడుచుకొస్తుంది. "అంత పొడుగు గొట్టం కట్టింది ఎందుకనుకున్నావు? పొగ మన మీంచి వెళ్ళిపోడానికే."

అక్కాతమ్ముళ్ళు ఒక మాట మీద నిలబడ్డం ఆ ఇంట్లో అదే మొదటిసారి. పొగక్కకి అక్కడే ఏదో తేడా కొట్టింది. కార్ఖానా సైరను మోగితే చాలు చెవులు మూసుకుని తిట్టిపోసే వదిన, ఇవాళ దాన్నెందుకు వెనకేసుకొస్తోంది?

"వానలు తగ్గేలోగా తేలుస్తాను. తేలేదాకా పెట్టె సర్దావో, తాళం చెవి బావిలో పారేస్తాను" అంది.

మనకి బావి లేదుగా అని మొగుడు గొణిగాడు. ఎవరూ వినిపించుకోలేదు.

పొగక్క ఎర్ర పువ్వుల రసంలో తెల్ల గుడ్డ పీలికలు ముంచి గులాబీ రంగు పట్టించింది. ఒకటి కొండ వైపు మిద్దె మీద, ఒకటి కార్ఖానా వైపు కిటికీకి కట్టి, తడి ఆరిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ తిరిగింది. ఏది ముందు తెల్లబడితే దొంగ అదే. తీరా చూస్తే రెండూ ఒక్కసారే వెలిసిపోయాయి. వదిన మంచం మీదనించే పకపకా నవ్వింది.

"ఎండకి వెలిశాయే పిచ్చిదానా! దొంగని పట్టుకోమంటే సూర్యుణ్ణి పట్టుకొచ్చావు!"

పొగక్క నాలిక్కరుచుకుంది. యాసిడ్ సీసా తెచ్చి ఒక్కో చుక్క వేసి చూసింది. రంగు తిరిగి రాలేదు. పొగ లాక్కున్న రంగైతే కాస్తయినా తిరిగొచ్చేది, ఎండ తినేసింది ఇక రాదు. వదిన చెప్పింది నిజమే. మళ్ళీ పీలికలు ముంచి, ఈసారి చూరు కింద నీడలో కట్టింది. మిగిలిన ఒక పీలికని వదిన లాక్కుంది.

"ఈ రంగు బావుంది, నా కూజా మెడకి కట్టుకుంటా. ఏ గ్లాసు ఎవరిదో, ఏ కూజా ఎవరిదో తెలియడం లేదు ఈ ఇంట్లో."

నీడలో కట్టినవి ఒక పట్టాన తేలడం లేదు. పొగక్కకి కాలు నిలవలేదు. మొగుడికి సెలవు దొరకగానే లాక్కుని కొండెక్కింది.

అన్నేళ్ళు తిట్టిన కొండని దగ్గరగా చూడ్డం అదే మొదలు. నేలలో పగుళ్ళు, పగుళ్ళలోంచి బుసబుసమని ఆవిరి, పగుళ్ళ అంచులన్నీ పచ్చగా పేరుకుపోయి ఉన్నాయి. పొగక్క వంగి ఒక పెచ్చు గిల్లింది. వేళ్ళ మధ్య నలిపి చూసి కేకేసింది.

"ఏమండీ! ఇది మన డబ్బాలోదే! మన గంధకమే!"

ఆవిడకి చుట్టం కనబడ్డట్టయింది. తన మూకుట్లో చేసే పని ఇంత పెద్ద కొండ తన కడుపులో చేస్తోందని మురిసిపోతూ పగులు మీదికి ఇంకాస్త వంగింది. వెనక్కి చూస్తే మొగుడు లేడు. దూరంగా, తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళతో నిలబడి చేతులూపుతున్నాడు.

"రావే బాబూ! కుళ్ళిన గుడ్లు గంపెడు పగలేసినట్టుంది, పైగా అగ్గిపెట్టంతా ఒకేసారి గీసినట్టుంది! నీకు వాసన రావట్లేదా?"

"ఏ వాసన?" అంది పొగక్క.

దిగేటప్పుడు బస్సులో ఆవిడ మొగుడి చెమట తువ్వాలు వాసన చూసింది, కమలా తొక్క నలిపి చూసింది. ఏమీ లేదు. కూరల వాసన ఎప్పుడు పోయిందో, సబ్బు వాసన ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలీదు. పొగ గది ముక్కుని కొంచెం కొంచెంగా తినేసింది. పోతే పోయిందిలే, దుర్వాసన లేకపోడం కూడా ఒక సుఖమే అనుకుంది ఆ పూటకి.

వీధి చివర బడి మిద్దె మీద ఒక పెట్టె ఉంటుంది, గాలిలో ఏముందో కొలిచే పెట్టె. దాన్ని చూడ్డానికి అప్పుడప్పుడూ ఒక ఇంజనీరమ్మాయి వస్తుంది. ఈసారి రాగానే పొగక్క మెట్లెక్కి పట్టుకుంది. ఇంత ఇష్టంగా అడిగేవాళ్ళు ఆ అమ్మాయికీ ఎప్పుడూ తగల్లేదేమో, పనాపేసి గోడ మీద కూర్చుంది.

"రాగి రాయిలో రాగితో పాటు గంధకం కూడా ఉంటుందండీ. రాయిని కాలిస్తే రాగి కిందికి దిగుతుంది, గంధకం పొగై పైకి పోతుంది. బొగ్గులో ఉంటుంది, ఓడల్లో మండించే నూనెలో ఉంటుంది. కొండలోనేమో లోపలి వేడికి దానంతటదే ఎగదన్నుకొస్తుంది. ఎక్కణ్ణించి వచ్చినా గాలిలో కలిశాక అదే వాయువు, సల్ఫర్ డయాక్సైడ్."

"మరి నా డబ్బాలో గంధకం? అది కొండదేనా?"

అమ్మాయి నవ్వింది. "కాకపోవచ్చు. ఈ రోజుల్లో బజార్లో దొరికేది చాలావరకు పెట్రోలు, గ్యాసు శుభ్రం చేసేచోట తీసిందే. బండ్ల పొగలో గంధకం రాకూడదని ముందే తీసేస్తారు."

"తీసి నాకమ్ముతారా! నేను మళ్ళీ కాలుస్తున్నానా!" పొగక్క ముక్కున వేలేసుకుంది. ఇంత తమాషా సంగతి అత్తగారికి చెప్పలేకపోయానే అనిపించింది. వెంటనే అసలు పని గుర్తొచ్చింది. "ఈ వీధికొచ్చే పొగ కొండదా, కార్ఖానాదా? అది చెప్పండి."

"కొండ పొగలో కుళ్ళిన గుడ్డు వాసన కూడా ఉంటుంది. కార్ఖానాదైతే ఎక్కువగా ఒట్టి అగ్గిపుల్ల ఘాటే. కాని వాసన్ని నమ్ముకోకూడదు లెండి. మా పెట్టె చెప్పేదేంటంటే, గాలి దక్షిణం నించి వీచినప్పుడే ఇక్కడ వాయువు బాగా పెరుగుతోంది. కొండది ఎప్పుడో గాని ఇంతదూరం రాదు."

"చూశారా! కార్ఖానాయే!" పొగక్క చప్పట్లు కొట్టినంత పని చేసింది. "నిన్న కూడా బాగా పెరిగి ఉంటుంది. మా వదిన రాత్రంతా కూర్చునే ఉంది పాపం."

అమ్మాయి చేతిలో ఉన్న ఫోను తెర మీద వేలితో వెనక్కి జరిపి చూసింది. మళ్ళీ చూసింది. "నిన్న గాలి శుభ్రంగానే ఉందండీ. వాన కడిగేసింది."

"అదెలా?"

"మా పెట్టె ఈ మిద్దె మీది గాలినే కొలుస్తుంది. మీ ఇంట్లో గాలి సంగతి దానికి తెలీదు కదా. ఇంతకీ మీరు గంధకం కాల్చే గది ఇంటికి ఎంత దూరం?"

"దూరమేంటి, మా వదిన గదికీ దానికీ మధ్య ఉన్నది ఒకటే గోడ..."

ఆ మాట ఆవిడ నోట్లోంచి వచ్చి ఆవిడ చెవిలోనే పడింది.  అమ్మాయి ఇప్పుడు ఉన్నికి మందు నీళ్ళున్నాయని ఏదో అంటోంది గాని, ఆవిడకి సగమే చెవికెక్కింది. మెట్లు దిగి, వీధి దాటి, చెప్పులతోనే వదిన గదిలోకి వచ్చేసింది.

కూజా మెడకి ఉన్న పీలిక తెల్లగా ఉంది. కూజా చెమ్మకి తడిసి, గులాబీ ఆనవాలే లేకుండా పాలిపోయి ఉంది. చూరు కింద కట్టినవి ఇంకా రంగు నిలుపుకునే ఉన్నాయి, వాటిని వస్తూ వస్తూ చూసింది. పొగక్క యాసిడ్ చుక్క వేసింది. చుక్క పడినచోట, సిగ్గుపడ్డ చెంపలా, మెల్లగా గులాబీ రంగు తిరిగొచ్చింది.

వదిన మంచం మీద బట్టలు మడతపెడుతోంది. తల ఎత్తి చూసి, "అది ఎండకి వెలిసిందిలే" అంది.

"ఈ గదిలో ఎండెక్కడుంది వదినా?"

వదిన మడతపెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడతపెట్టింది. 

"నీకు తెలుసు" అంది పొగక్క. "ఎప్పట్నించి?"

"ఈ గదిలో పడుకున్న మొదటి రోజునించి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించి పీల్చిన వాసన, నాకు తెలీకుండా పోతుందా? దానికి భయపడేగా నేను పోయి ఆ అద్దం వెనక దాక్కుంది."

"మరి చెప్పవేం?" పొగక్కకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "కూరలో ఉప్పు తక్కువైతే ఊరంతా వినపడేలా అరుస్తావే! ఊపిరాడకపోతే చెప్పవా?"

"ఉప్పు తక్కువైందంటే వేస్తావు. ఇది చెప్తే ఏం చేస్తావు? గది మూసేస్తావు. మా అమ్మ పని నేను కాదని పారిపోతే, పరాయింటి నించి వచ్చి నువ్వు నిలబెట్టావు. నీ చేతులకి ఇంకో పని తెలీదు. నేను ఊరెళ్ళిపోతే నీ పని నీకుంటుంది, నా ఊపిరి నాకుంటుంది అనుకున్నా." వదిన గొంతు మొదటిసారి పక్క గదికి కూడా వినపడనంత తగ్గింది. "పైగా, ఆ మాట ఎవరిదనుకున్నావు? కొండ దగ్గిందన్న మాట?"

"ఊరిది."

"అమ్మది. చుట్టుపక్కలవాళ్ళు ఘాటు తట్టుకోలేక గొడవకొస్తే, గుమ్మంలో నిలబడి 'మేం కాదమ్మా, కొండ దగ్గింది' అనేది. అప్పటికి కార్ఖానాకి పునాది కూడా తియ్యలేదు. ఆ మాట ఊరందరికీ నచ్చింది. తరవాత కార్ఖానావాళ్ళకి ఇంకా నచ్చింది. చివరికి అమ్మ కూడా ఆయాసంతోనే పోయింది. అప్పుడూ అదే అంది, కొండ దగ్గిందే అని. నమ్మే అందో, అలవాటై అందో నాకు తెలీదు."

పొగక్క కూజా మెడనించి పీలిక విప్పి చేతిలోకి తీసుకుంది. అత్తగారి ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని విసిరింది తనే. కిటికీ మూసి, కొండని తిట్టిందీ తనే. ఇన్ని "ఎందుకు"లు అడిగిన మనిషి ఆ ఒక్కటీ అడగలేదు.

మర్నాడు పొగ గది తలుపు ఊడదీసింది. మూకుడు బోర్లించింది. అన్నం తింటున్న మొగుడు చెయ్యాపి, "మరి కంబళ్ళు?" అన్నాడు.

"ఇప్పుడు మందు నీళ్ళతో తెల్లబరుస్తున్నారట, ఆ ఇంజనీరమ్మాయి చెప్పింది. నేర్చుకుంటా."

నేర్చుకుంది. మొదట్లో రెండు శాలువాలు గట్టిపడి అట్టల్లా తయారైతే, వాటిని వదిన మోకాళ్ళకి చుట్టుకుంది. ఇప్పుడొచ్చే తెలుపు పాలలా ఉండదు, వెన్నలా ఉంటుంది. బేరానికొచ్చినవాళ్ళు పెదవి విరిస్తే టికెట్ల వదిన కిటికీలోంచి, "తెల్లగా కావాలంటే సున్నం వేయించుకోండి!" అని అరుస్తుంది. అరిచేంత ఊపిరి తిరిగొచ్చింది మరి. ఆయాసం మొత్తం పోయిందని కాదు. దక్షిణపు గాలి వీచిన రోజు పిల్లికూతలు వినపడతాయి. అలాంటి రోజు వీధిలో ఎవరైనా కొండ దగ్గింది అన్నారంటే, పొగక్క గుమ్మంలోకొచ్చి, "గాలి ఎటునించి వీస్తోందో చూసి మాట్లాడండి" అంటుంది. కార్ఖానా గేటు దగ్గరికి వెళ్ళి అడగాలని వీధిలో మాటలు నడుస్తున్నాయి. పొగక్క మొగుడు ఆ మాటలప్పుడు పేపరు అడ్డం పెట్టుకుంటాడు, కాని అదివరకులా ఎదురు చెప్పడు.

ట్రంకు పెట్టె అటకెక్కలేదు. ఎక్కించడానికి బద్ధకమై, వదిన మంచం పక్కనే దాని మీద కూజా పెట్టుకున్నారు.

వానలు ఎప్పుడో తగ్గిపోయిన ఒక పొద్దున, పొగక్క పెరట్లో కంబళి దులుపుతుంటే గాలి తిరిగింది. ముక్కులోకి సూదిలాంటిదేదో దిగింది. కళ్ళు చెమర్చాయి. గొంతు పట్టేసింది. అగ్గిపుల్ల గీసిన ఘాటు. ఎన్నేళ్ళయిందో ఆ వాసన తెలిసి! దక్షిణం నించి, అంత దూరం నించి, సగం చెదిరిపోయి వచ్చిన పొగే ఇంత ఘాటుగా ఉంటే, ఒక్క గోడ అవతల పడుకుని వదిన రాత్రుళ్ళు ఏం పీల్చిందో అప్పుడు తెలిసింది పొగక్కకి. కంబళి చేతిలోంచి జారిపోయింది. ఆగకుండా దగ్గు వచ్చింది.

లోపల్నించి టికెట్ల కిటికీ గొంతు ఖంగుమంది. "ఏమే, ఎవరే దగ్గింది? కొండేనా?"

పొగక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కాదు వదినా. నేనే."